హైతీకి జాకెట్ ముక్కలు

2010 జనవరి. తెలంగాణ కోసం రోజుకో బంద్ నడుస్తున్న కాలం. జనగామ బస్టాండు వెనక నా లేడీస్ టైలరింగ్ షాపు షట్టరు ఎప్పుడూ సగం దించే ఉండేది. హైతీలో భూకంపం వచ్చి ఊళ్లకు ఊళ్లే కూలిపోయాయని టీవీలో చూసి, మా మహిళా మండలి ఆడవాళ్లం అక్కడి పిల్లలకు బట్టలు పోగుచేసి పంపుదామనుకున్నాం. హైదరాబాదులోని ఒక సంస్థ వాటిని ఓడకెక్కిస్తానంది.

వీధివీధీ తిరిగాం. ఏమొచ్చాయనుకున్నారు? జాకెట్ ముక్కలు. మా వైపు ఒడిబియ్యానికో పేరంటానికో వెళ్తే బొట్టు పెట్టి ఒక ముక్క చేతిలో పెడతారు. దాన్ని ఎవరూ కుట్టించుకోరు, ఇంకో పేరంటంలో ఇంకొకరికి అంటగడతారు. అలా ఊరంతా తిరిగి రంగు వెలిసిన ముక్కలన్నీ నా షాపులో గుట్టపడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఇల్లు కూలిన పిల్ల ఆ ముక్కను ఏం చేసుకుంటుంది?

గౌన్లు కుడదామంది లచ్చక్క. ఆమెది జఫర్‌గఢ్. భర్త పోయాక నా దగ్గర పనిలో చేరింది, కటింగ్ అంతా ఆమెదే. ఒక ముక్కతో భుజాల దగ్గరి యోక్, ఇంకో ముక్కతో కింద కుచ్చులు, కలిపితే మూడేళ్ల పిల్లకు గౌను. అంచుల్లో దారాలు ఊడకుండా నేను ఓవర్‌లాక్ కొట్టేదాన్ని. హైదరాబాదు బండి తెల్లారితే బయల్దేరుతుందనగా గుట్ట ఇంకా సగం మిగిలే ఉంది.

అప్పుడొచ్చింది మా మండలి అధ్యక్షురాలు. బాగా భూములున్న ఇంటి కోడలు. అన్నిటికంటే పెద్ద మూట ఆమె ఇచ్చిందే. లచ్చక్క చేతిలో కత్తెర చూసి మొహం చిట్లించింది. నన్ను పక్కకు పిలిచి, లచ్చక్కకు వినబడేంత గొంతుతోనే అంది:

"సరోజా, గవి ముత్తైదువల పేరంటం గుడ్డలు. మొగడు సచ్చినామెతోని కత్తిరిపిస్తున్నవేంది? మా ఇంటికి అరిష్టం."

లచ్చక్క కత్తెర కింద పెట్టేసింది. నాకు ఆగబుద్ధి కాలేదు.

"అక్కా, గోడలు మీద వడి మొగోళ్లు సచ్చిపోయిన ఇండ్లకే గదా ఈ గౌన్లు పోయేది? గా తల్లులు ముట్టుకుంటె రాని అరిష్టం, లచ్చక్క ముట్టుకుంటె వస్తదా?"

ఆమె తన మూట తనకిమ్మంది, తీసుకుని వెళ్లిపోయింది. నా వల్ల పిల్లల గౌన్లు ఆగొద్దు, మిగిలినవి నువ్వే కత్తిరించమని లచ్చక్క బతిమాలింది. నువ్వు కత్తెర పట్టకపోతే నేను మిషనెక్కనని మొండికేశాను. చివరికి ఇద్దరం కూర్చుని ఉన్నవన్నీ కుట్టి బండెక్కించాం. వెనక్కి పోయిన ఆ మూటలో ఎందరు పిల్లల గౌన్లున్నాయో ఇప్పటికీ లెక్కేస్తుంటాను.

సముద్రాల అవతలి వాళ్ల మీద జాలిపడడం సులువు, వాళ్లు మన గుమ్మం తొక్కరు కాబట్టి. నాకు ఆ పని నేర్పింది ఇదే. బంద్‌లు తగ్గగానే లచ్చక్క కటింగ్ టేబుల్‌ను వెనక గదిలోంచి తెప్పించి వీధికి కనబడేలా వేయించాను. నా షాపులో పెళ్లికూతురి జాకెట్‌కైనా మొదట కత్తెర పెట్టేది ఆమే. గిట్టనివాళ్లకు ఎదుటి షాపు చూపిస్తాను.