ఎడమకాలి వైద్యం

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. మా వైపు అలా పుట్టినవాళ్లకు ఒక ఉద్యోగం పుట్టుకతోనే ఖాయం. నడుం పట్టుకున్నవాళ్లు ఆదివారం పొద్దున్నే వచ్చి బోర్లా పడుకుంటారు, మేం ఎడమకాలితో మూడుసార్లు తొక్కాలి. ఆరేళ్ల వయసు నుంచి తొక్కుతూనే ఉన్నాను. బోధన్‌కు కోడలిగా వచ్చాక గిరాకీ ఇంకా పెరిగింది. పెళ్లిచూపుల్లో మా అత్తమ్మ మొదట అడిగిందే "పిల్ల ఎట్ల పుట్టింది?" అని. జాతకం సంగతి ఆ తర్వాత. ఆమెకు వాకిట్లో ఎప్పుడూ నలుగురు మనుషులుండాలి. చెరకు నరికేవాళ్లు, ఆటోవాళ్లు, చివరికి ఒక బ్యాంకు మేనేజరు కూడా మా చాప మీద బోర్లా పడుకున్నారు. మేనేజరును మాత్రం కొంచెం మర్యాదగా తొక్కాను.

అలాంటి నాకే ఒళ్లునొప్పులు మొదలైతే ఎవరు నమ్ముతారు చెప్పండి?

ఒకరోజు మెడ, మర్నాడు మోకాళ్లు, ఆ మర్నాడు ఒళ్లంతా. ఎంతసేపు నిద్రపోయినా లేచేసరికి అసలు పడుకోనట్టే ఉండేది. నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలకు లెక్క సగం చెప్పి, ఏ లెక్క చెప్తున్నానో మర్చిపోయేదాన్ని. జాకెట్టు కుట్టు ఒరుసుకున్నా మంటే. నిజామాబాద్‌లో రక్తపరీక్షలు చేయించారు, ఎక్స్‌రేలు తీయించారు. అన్నీ నార్మల్. అత్తమ్మ సంబరపడిపోయి కిలో దూద్‌పేడా తెప్పించి వాడకట్టంతా పంచింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రెండు తిన్నాను.

ఆ సాయంత్రమే ఆమె పక్కింటావిడతో అంటుంటే వంటింట్లోంచి విన్నాను. "రిపోర్టులల్ల ఏం లేదన్నరు. మరి నొప్పి ఏడికెళ్లి వస్తది? పని జేయ బుద్ధి గాక గిదంత."

మా ఆయన సంగతి వదిలేయండి, ఆయన ఎవరేం చెప్పినా నమ్ముతాడు. నాకు ఈమె నమ్మాలి. పదకొండేళ్లుగా ఇద్దరం ఒకే పీట దగ్గర కూరగాయలు కోసుకుంటున్నాం. ఆమెకు తలనొప్పి వస్తే చెప్పకముందే నాకు తెలిసిపోతుంది. అలాంటి మనిషి నన్ను దొంగవేషాలదాన్ని అనుకుంటుంటే, ఆ బాధ ముందు మోకాళ్ల నొప్పి ఏపాటిది!

చివరికి ఒక కీళ్ల డాక్టరమ్మ నా రోగానికి పేరు చెప్పింది. ఫైబ్రోమయాల్జియా. వెంట వచ్చిన అత్తమ్మ రెండుసార్లు పలకబోయి వదిలేసింది. "గింత పొడుగు పేరున్న రోగం మాసొంటోళ్లకు ఎందుకొస్తదమ్మా?" అంది.

"నొప్పి నిజమేనమ్మా," అంది డాక్టరమ్మ. "డీజేలో సౌండ్ పెంచినట్టు, చిన్న తాకిడిని కూడా ఈమె నరాలు, మెదడు పెద్ద నొప్పి చేసి చెప్తున్నాయి. అది ఎక్స్‌రేలో కనపడదు."

"అయితే ఆ డీజే బంద్ జేయుండ్రి మేడం."

"పూర్తిగా బంద్ చేసే మందు లేదు. సౌండ్ తగ్గించుకోవచ్చు. రోజూ కొంచెం నడవాలి, టైముకు పడుకోవాలి. బాగున్న రోజున పనంతా ఒక్కసారే మీదేసుకోవద్దు."

బస్సెక్కాక అత్తమ్మ గొణిగింది. "నడుసుడు, పండుడు. గిదేం వైద్యం? గిది నేను గూడ చెప్తుంటి."

రెండు రోజులు ఆలోచించి ఆమె సొంత వైద్యం కనిపెట్టింది. "అందరి పట్టు నువ్వు తీస్తివి. నీ పట్టు ఎవలు తీయాలె? ఇంకో ఎదురుకాళ్ల మనిషి గావాలె!"

ఆదివారం ఆటోలో దిగాడు ఆ మనిషి. కాలువ కింద క్యాంపులో, అంటే ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్లో, చెరకు పండించే పెద్దాయన. తొంభై కిలోలకు తక్కువ ఉండడు. పంచె ఎగగట్టి, ఎడమకాలు శుభ్రంగా కడుక్కున్నాడు. వద్దంటే అత్తమ్మ మళ్లీ వేషాలంటుందని నోరు మూసుకుని పడుకున్నాను. నా చాపను అటువైపు నుంచి చూడటం అదే మొదటిసారి.

నా కేకకు ఎదురింటి మేకలు లేచి నిలబడ్డాయి.

"అయ్యబాబోయ్! నేనింకా కాలే వెయ్యలేదమ్మా, బొటనవేలు ఆనించానంతే!" పెద్దాయన గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. అత్తమ్మ వైపు తిరిగాడు. "నలభై ఏళ్లుగా తొక్కుతున్నానండీ, వేలికే ఇలా అరిచినోళ్లు లేరు. ఈ అమ్మాయికి ఒళ్లంతా నొప్పేనండీ. తొక్కకూడదు."

అత్తమ్మ నా పక్కన కూర్చుని వీపు మీద మెల్లగా చెయ్యి వేసింది. నేను ముడుచుకుపోయాను. ఆమె చెయ్యి తీసేసింది. లేచి వెళ్లి పెద్దాయనకు చాయ్ పెట్టింది, చక్కెర వేయడం మరిచిపోయి. ఊరి చుట్టూ చెరకే, ఆయన చప్పటి చాయ్ మర్యాదకు మొత్తం తాగి వెళ్లాడు.

మళ్లీ ఆదివారం బ్యాంకు మేనేజరు వంకరగా నడుచుకుంటూ వచ్చాడు. ఒకరిని తొక్కితే నేను మూడు రోజులు మంచం దిగలేను, అయినా అలవాటు కొద్దీ చాప అందుకున్నాను. అత్తమ్మ నా చేతిలోంచి చాప లాక్కుని గడపలో అడ్డం నిలబడింది.

"లేదు సార్. మా కోడలికి పానం బాగలేదు."

"ఏమైందమ్మా?"

"ఫైబ్రో... ఫైబ్రో..." అని ఆగింది. "పేరు నాకు నోరు దిరుగది గని, నొప్పి మాత్రం నిజం. నేను సూసిన."

"మరి నా నడుం?"

"క్యాంపుల ఒక పెద్దమనిషి ఉన్నడు. జెర బరువుంటడు, సూసుకోండ్రి."

నేను వంటింటి తలుపు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. నొప్పి ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. కళ్లు తుడుచుకుని మా ఆయనకు ఫోన్ చేశాను, వచ్చేటప్పుడు కిలో దూద్‌పేడా తెమ్మని.