రామయ్య మీద ఒట్టు

ఖమ్మంలో మా వీధి చివర కాఫీ షాపు ముందు, అందులో పనిచేసే పిల్లలు సమ్మె టెంటు వేసుకున్నారు. రోజూ నేనూ వెళ్లి వాళ్లతో కాసేపు కూర్చుంటున్నాను. వేరే మనుషులతో షాపు నడుస్తూనే ఉంది. అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా వేయించిన కాఫీ గింజల వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకి నాకు భద్రాచలంలో ఓ హోటల్ పొయ్యి గుర్తొచ్చి కడుపు మండుతుంది.

మా అమ్మ ఆ హోటల్లో పిండి రుబ్బేది. ఎండలు ముదిరి, అడవి నుంచి ఇప్పపూల మత్తు వాసన గాలిలో తేలి వచ్చే రోజుల్లో, మేం పిల్లలం వెనక గోడ నీడన చింతగింజలాట ఆడుతుంటే, రుబ్బురోలు గరగర, పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుయ్యిమనే చప్పుడు, ఎర్రకారం ఘాటు, బస్సు దిగిన భక్తుల రామనామం అన్నీ కలిసి మా మీద పడేవి. నవమికి ఊరంతా పానకం, వడపప్పు. మాకు మాత్రం అమ్మ ఇంట్లో లేని పండగ. జ్వరమొచ్చి ఒక్క పూట పడుకుంటే చాలు, మర్నాడు ఆ రోటి దగ్గర ఇంకొకరుండేవారు.

అందుకే ఓ ఏడు నవమి ముందు పనివాళ్లంతా బయటికొచ్చి హోటల్ మెట్ల ముందు కూర్చున్నారు. వారానికో సెలవు, జబ్బు చేస్తే పని పోకూడదు, ఈ రెండూ కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. సావుకారి నవ్వి, పక్క ఊరి నుంచి మనుషుల్ని దింపాడు. ఆయనకు తట్టనిది కట్టెల సంగతి. అడవి గూడెం నుంచి రోజూ కట్టెలు తెచ్చే ముత్తమ్మ, ఆమె వెంట వచ్చే ఆడవాళ్లు, మోపులు అమ్మ ముందు దించి వాటి మీదే కూర్చున్నారు.

"లోపలికి తే, ముత్తమ్మా. భక్తులు ఆకలితో ఉన్నరు," అన్నాడు సావుకారి.

"పిండి రుబ్బెటామె బయట కూసుంటె నా కట్టె లోపలికెట్ల వస్తది? రాదు," అంది ముత్తమ్మ చుట్ట వెలిగించుకుంటూ.

మధ్యాహ్నానికి పొయ్యి ఆరింది, సాయంత్రానికి సావుకారి దిగొచ్చాడు. గుడి గోపురం వైపు తిరిగి చేతులెత్తి, "రామయ్య మీద ఒట్టు, అడిగినయన్నీ ఇస్త. ఇంక కాగితమెందుకు?" అన్నాడు. ఆ ఊళ్లో ఆ ఒట్టు విన్నాక కూడా కాగితం అడిగితే రాముణ్ణి నమ్మనట్టే. అమ్మ లెంపలేసుకుని రోటి దగ్గరికి పోయింది. నవమి జనం బస్సులెక్కారో లేదో, హోటల్లో గ్యాసు పొయ్యి, కరెంటు గ్రైండరు వెలిశాయి. అమ్మకు పని లేదు, ముత్తమ్మ కట్టెలకు బేరం లేదు. దేవుడే చూసుకుంటాడని మాకు చెప్పిన ఊరివాళ్లంతా ఆ హోటల్లోనే ఇడ్లీలు తిన్నారు.

ఈ కాఫీ షాపు పిల్లలు అడిగేదీ అలాంటి కాగితం మీద సంతకమే. నిన్న మేనేజరు బయటికొచ్చి, "మనమంతా ఒక ఫ్యామిలీ కదమ్మా, కాంట్రాక్టులెందుకు?" అన్నాడు. కాఫీ కలిపే సరిత వెంటనే, "ఫ్యామిలీ అయితె సంతకానికి భయమేంది సార్?" అంది. అమ్మకు ఆనాడు నోట రాని మాట అది.

కానీ లోపల పని ఆగడం లేదు. కట్టెల మోపులు పోయాయి, మోపు దించే మనుషులూ పోయారు. జనం వచ్చి, పాపమని, ఫొటో దిగి, ఇంటికెళ్లి ఫోన్లో ఇక్కడి కాఫీయే తెప్పించుకుంటున్నారు. ఇవాళ ఆ పార్సిళ్లు మోసే నడివయసు మనిషిని ఆపి, ఈ ఒక్కటీ వదిలెయ్ తమ్ముడూ అని బతిమాలాను. అతను సరిత వైపు చూడలేక తల వంచుకున్నాడు.

"వదిలేస్తె యాప్‌ల నా ఐడీ బంద్ చేస్తరక్కా. బంద్ చేసెటోని మొఖం గూడ నాకు తెల్వది. నేనెవరి ముంగట కూసోవాలె?" అన్నాడు.