మేకు కింద మట్టి చార

కొత్తపేటలో మా పాత గ్రంథాలయాన్ని బాగుచేస్తున్నారు. వరండాలోని టేకు స్తంభం కోస్తుంటే చెదమట్టి వాసన గుప్పుమంది. "ఇదిగో, ఈ మేకు కిందనించే మొదలైందండీ," అన్నాడు వడ్రంగి.

నా ఎనిమిదో ఏట అక్కడ మట్టి చార ఒకటి కనిపించింది. కుమ్మరిపురుగు గూడు కడితే ఆ ఇంట్లో పిల్లలు పుడతారని నాయనమ్మ చెప్పేది. పొద్దస్తమానం అక్కడే ఉండే మా లైబ్రేరియన్ మాస్టారికి పిల్లల్లేరు. ఆయన చీపురుతో దులిపేస్తారేమోనని, ఆ మేకుకి క్యాలెండరు తగిలించి గూడుని దాచేశాను. అది చెద అని నాకేం తెలుసు. తర్వాత ఏటా కొత్త క్యాలెండరు అక్కడే తగిలించేవారు.

ఇవాళ మాస్టారు చేతికర్ర పోటేసుకుని చూడ్డానికి వచ్చారు. "ఈ స్తంభాల్ని పిల్లల్లా చూసుకున్నానమ్మా. ఇదొక్కటీ ఎలా తప్పిపోయిందో," అన్నారు.

"పాత టేకు కదండీ మాస్టారూ," అన్నాను, మేకు మీద అరచెయ్యి ఆనించి.