వంటింటి దిక్కు పైపు, గల్లీ దిక్కు పైపు

శుక్రవారం పొద్దున స్కూలుకు తయారవుతుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దనాయన లేస్తలేడు బిడ్డా" అంది. నేను మల్కాజ్‌గిరి నుంచి బోయిగూడ చేరేసరికి వాళ్ల గుమ్మం ముందు చెప్పులు నిండిపోయి ఉన్నాయి. ముందు గదిలో ఆయన్ను పడుకోబెట్టడానికి చోటు చాలక, ఎప్పుడూ అక్కడే ఉంచే నా బండిని ఎవరో గోడకు జరిపారు. దాని హ్యాండిల్ మీద ఆయన చేతులు తుడుచుకునే పాత బనియన్ గుడ్డ అలాగే వేలాడుతోంది. అంతమందిని చూసినా రాని ఏడుపు నాకు ఆ గుడ్డను చూస్తే వచ్చింది.

ఆ బండి డర్ట్ బైకు. మట్టిలో, గుంతల్లో, రాళ్ల మధ్య నడపడానికి చేసింది. నేను పిల్లలకు ఆటలు నేర్పే టీచర్ని. ఆదివారాలు యాప్రాల్ వైపు ఇంకా ఇళ్లు కట్టని ఖాళీ జాగాల్లో దాన్ని నడుపుతాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు మా ఇంట్లో చిన్నా పెద్దా అందరూ నాకు క్లాసు పీకారు. పెద్దనాయన ఒక్కరే బండి చుట్టూ తిరిగి, ముందు చక్రం పట్టుకుని ఊపి చూశారు. "ఫోర్కు జెర కొట్టుకుంటున్నట్టుంది. కొనేముందు చూస్కున్నవా బిడ్డా?" అన్నారు. ఆ బండి గురించి మా ఇంట్లో ఎవరైనా అన్న మొదటి పనికొచ్చే మాట అది.

ఆయనేమీ మెకానిక్ కాదు. ఉద్యోగమంతా రైల్వే పార్సిల్ ఆఫీసులో చేసిన మనిషి. బండ్లంటే పిచ్చి, అంతే. విప్పడంలో చెయ్యి తిరిగినవారే కానీ, బిగించేటప్పుడు ఏదో ఒకటి మిగిలిపోయేది. "ఇదెక్కడిది?" అని ఒక బోల్టును వెలుతురుకు పెట్టి చూస్తుంటే పెద్దమ్మ వంటింట్లోంచి, "మళ్ల మిగిలిందా?" అనేది. ఆయన మళ్లీ విప్పేవారు. చిరాకు పడటం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరికీ సరిపోయే చిరాకు నాకుందని కాబోలు.

ముందు చక్రానికి అటూ ఇటూ ఉండే రెండు పైపులే ఫోర్కు. ఒక్కోదాంట్లో పొడవాటి స్ప్రింగు, కాస్త ఆయిల్ ఉంటాయి. గుంతలో పడ్డప్పుడు దెబ్బ మన చేతులదాకా రాకుండా మింగేది అవే. వాటిలో చప్పుడు మొదలైందంటే అది ఉత్త చప్పుడైనా కావచ్చు, లోపల ఏదో అరిగిపోతూ ఉండైనా ఉండవచ్చు. ఏదో తేలేదాకా పెద్దనాయన నన్ను బండి ఎగిరించనిచ్చేవారు కాదు. "మెల్లగ నడుపు. అది ఏదో జెప్తున్నది, ముందు ఇందాం" అనేవారు.

వినడమని అనేవారే కానీ, రిటైరయ్యాక ఆయనకు చెవులు మందగించాయి. దాన్నీ ఆయన లోపంగా ఒప్పుకోలేదు. "చెవిని నమ్మొద్దు బిడ్డా. చప్పుడు ఒకదిక్కు పుడ్తది, ఇంకోదిక్కు ఇనిపిస్తది. చెయ్యి పెడ్తే దొరుకుతది" అనేవారు. బండి ఎప్పుడూ ముందు గదిలో ఒకే చోట నిలబడేది కాబట్టి ఆయనకు కుడి, ఎడమ లేవు. వంటింటి దిక్కు పైపు, గల్లీ దిక్కు పైపు. ఆ మాటలు నాకెంత అలవాటయ్యాయంటే, ఒకసారి షోరూములో అబ్బాయితో "వంటింటి దిక్కు ఆయిల్ కారుతోంది" అన్నాను. అతను చాలాసేపు కింద నేల వైపు చూశాడు.

ఆ పనికి ఇద్దరు కావాలి. పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకుని, ముందు బ్రేకు గట్టిగా పట్టి, హ్యాండిల్ మీద బరువంతా వేసి కిందికి నొక్కేది. పెద్దనాయన చక్రం ముందు చిన్న పీట వేసుకుని, చెరో పైపు మీద చెరో అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకునేవారు. బండి దిగేది, లేచేది. "ఇంకోపారి" అనేవారు. ఆమె మళ్లీ నొక్కేది. "ఇంకోపారి." స్టవ్వు మీద కూర మాడిపోతున్నా ఆ మాట ఆగేది కాదు. పెద్దమ్మ ఆయన్ను తిడుతూనే నొక్కేది. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ కలిసి చేసిన పనుల్లో నేను దగ్గరుండి చూసింది అదే, దాన్ని చూడటం నాకు భలే ఇష్టం.

ఒక దసరాకు జరిగిన సంగతి చెప్పాలి. మాకు దసరా నాడు పనిముట్లన్నిటికీ పూజ చేసే ఆచారం. సరిగ్గా ముందురోజు ఆయన ఫోర్కు విప్పి ఉన్నారు. ఇంకేం, పానాలతో పాటు స్ప్రింగులు, వాషర్లు కూడా కడిగి, పసుపు కుంకుమలు పెట్టి దేవుడి ముందు పేర్చారు. మర్నాడు బిగించాక బండి నొక్కినప్పుడల్లా కర్రుమని గీరుకునే చప్పుడు. హ్యాండిల్ కింది బేరింగులు చూశాం, బ్రేకు చూశాం, తీగలు ఎక్కడైనా రాసుకుంటున్నాయేమో చూశాం. చివరికి స్ప్రింగులే పాడయ్యాయని నేను తీర్పు చెప్పేశాను. కొత్తవి తెద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "ముందు మన చెయ్యి జూస్కోవాలె, తర్వాత బండిని అనాలె" అన్నారు.

దీపావళికి పెద్దమ్మ దేవుడి గూడు కడుగుతూ పిలిచింది. లక్ష్మీదేవి పటం కింద, కుంకుమతో అతుక్కుపోయి, స్ప్రింగు మీద కూర్చోవలసిన వాషర్. అది లేక స్ప్రింగు కొస నేరుగా పైనున్న గొట్టాన్ని గీరుతోందన్నమాట. పెద్దనాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని పొట్ట పట్టుకుని నవ్వారు. "అమ్మవారికి ఒకటి నచ్చింది, ఉంచుకున్నది. మనం ఉత్తగ స్ప్రింగును తిడ్తిమి, పాపం బిచారిది" అన్నారు. ఆ తర్వాత ప్రతి దసరాకూ వాషర్లన్నీ దారానికి గుచ్చి పెట్టేవారు.

ఆయన పోయే ముందు మొదలైన చప్పుడు వేరు. గుంతలోంచి లేచేటప్పుడు టక్కుమని ఒక చిన్న శబ్దం. వంటింటి దిక్కు పైపులో అని ఆయన చెయ్యి చెప్పింది. కానీ తప్పు స్ప్రింగుదా, పైపుదా? గురువారం సాయంత్రం ఫోన్ చేశారు. "రెండు స్ప్రింగులు అటుదిటు, ఇటుదటు మార్చిన. ఇప్పుడు చప్పుడు గల్లీ దిక్కుకు వోతే తప్పు స్ప్రింగుది. కదలకుంట ఆడ్నే ఉంటే పైపుది. ఆయిల్ ఇప్పుడే పోసిన, జెర కూసోవాలె. ఆదివారం నడిపి, ఎటు దిక్కో చూసి జెప్పు" అన్నారు. సరేనన్నాను. తెల్లవారేసరికి ఆయన లేరు.

దినాలు అయ్యాయి. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. నేను బండి ముట్టలేదు. పని ఉందని అందరికీ చెప్పాను కానీ నిజం అది కాదు. ఆయన నన్నడిగిన చివరి ప్రశ్న అది. జవాబు తెలిసిపోతే ఆయనతో నాకు మిగిలిన పని అయిపోతుంది. అట్లాగని తేల్చకుండా వదిలేస్తే ఆ బండి ఇక ఎప్పటికీ ఎక్కలేను. ఈ రెంటి మధ్యా కొన్నాళ్లు ఊరికే తిరిగాను. అమ్మేద్దామని కూడా ఒకసారి అనుకున్నాను.

మొన్న ఆదివారం ఎండెక్కకముందే వెళ్లి, పెద్దమ్మకు చెప్పి బండి బయటికి తీశాను. యాప్రాల్‌లో నేను నడిపే జాగాలో సగానికి పునాదులు తీసేశారు. మిగిలిన సగంలో గుంతలు బాగానే ఉన్నాయి. ఎక్కించాను, దించాను. టక్కుమంది. మళ్లీ అదే గుంతలో దించాను. టక్కుమంది. ఎటు దిక్కో తెలియలేదు. తల అటు వంచితే అటు వినిపిస్తుంది, ఇటు వంచితే ఇటు. ఆగి, నేనే నొక్కుతూ నేనే చెయ్యి పెట్టి చూడబోతే బండి మీద పడింది. మట్టిలో కూర్చుని ఆయన్ను తిట్టుకున్నాను, ఇంత చిన్న పని కూడా ఒక్కరు చేసుకునేలా నేర్పలేదని. అప్పుడు నవ్వొచ్చింది. చాలా రోజులకు.

బండి తెచ్చి ముందు గదిలో దాని చోట నిలబెడుతుంటే పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఎటు దిక్కు మోగింది? వంటింటి దిక్కా, గల్లీ దిక్కా?" అంది.

నేను తెల్లబోయాను. "నీకెట్ల తెలుసు పెద్దమ్మా?"

"పండుకునేముందు సుత గదే ముచ్చట. పిల్ల ఆదివారం జెప్తది, జూడాలె అన్నడు. గప్పటిసంది నువ్వు జెప్తవేమో అని జూస్తున్న."

"తెలుస్తలేదు" అన్నాను. "ఒక్కదాన్నే ఉంటి."

ఆమె కొంగు నడుముకు దోపుకుని అలవాటుగా హ్యాండిల్ దగ్గరికి నడిచింది. చెయ్యి వెయ్యబోయి ఆగింది. చక్రం ముందు ఖాళీ వైపు కాసేపు చూసింది. తర్వాత గోడకు ఆనించిన చిన్న పీట తెచ్చి అక్కడ వేసుకుని కూర్చుంది.

"నువ్వు నొక్కు" అంది.

బ్రేకు పట్టి బరువంతా వేశాను. ఆమె రెండు పైపుల మీదా రెండు అరచేతులు పెట్టి కళ్లు మూసుకుంది. బండి దిగింది, లేచింది. గల్లీ దిక్కున్న చేతి వేళ్లు చిన్నగా కదిలాయి.

"గల్లీ దిక్కు" అంది.

"అయితే స్ప్రింగే. కొత్తది తెచ్చి వేద్దాం. బిగించేటప్పుడు నువ్వుండాలె."

"ఉంట. నేనేడికి వోత?"

కళ్లు తెరవలేదు. చేతులూ తియ్యలేదు. గల్లీలోంచి వచ్చే పొద్దుటి ఎండ ఆ పైపుల మీదా, ఆమె వేళ్ల మీదా పడుతోంది.

"ఇంకోపారి" అంది.