దొడ్డి వెనక పొదలు కొట్టించిన ఘనత

ఇంటి ముందర ఈ పొదలు ఎందుకు కొట్టించవని నన్నడగని మనిషి మా కాలనీలో లేడు. పాలు పోసేటాయన అడిగాడు, పోస్టు తెచ్చేటాయన అడిగాడు, పక్కింటి రిటైరైన మాస్టారైతే అడిగి అడిగి ఆఖరికి తన గొడ్డలి ఎరువిస్తానన్నాడు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. ఒక్కసారే రాసి గేటుకు అంటిస్తే పీడ పోతుందని కూర్చున్నాను. ఒక్క ఎండకాలంలో, ఒక్క గొడ్డలితో, వాడకట్టు ఆడవాళ్ళందరి ఉసురు ఎట్లా పోసుకోవచ్చో ఇందులో ఉంది. చదివినంక మళ్ళీ నన్నడగొద్దు.

పోలీసు చర్య అయిన మరుసటి ఎండకాలం అది. నాకు పందొమ్మిదేండ్లు. పట్నంలో పరీక్షలు రాసి సెలవులకు ఊరికొచ్చాను. భువనగిరి గుట్ట దూరంగా బోర్లించిన కుండలా కనబడే ఊరు మాది. ఆ చుట్టుపక్కల కాలేజీ గడప తొక్కిన ఆడపిల్లల్ని లెక్కపెడితే నేనొక్కదాన్నే. ఆ గర్వం నాకు నెత్తి మీద గడ్డిమోపులా ఉండేది. ముందరున్నది నాకు కనబడదు, పక్కనున్నవాళ్ళకు గుచ్చుకుంటుంది.

రజాకార్లు పోయారు, మిలిట్రీ వచ్చింది. ఊరి బడిలో పిల్లలకు బదులు సిపాయిలు దిగారు. బడి మిద్దె మీద ఒక సిపాయి దుర్బిణి పట్టుకుని, ఏ పొదలో ఏ కమ్యూనిస్టు దళం దాక్కుందోనని పొద్దస్తమానం చూసేవాడు. మా దొడ్డి గోడ వెనక అరెకరం జాగా మాదే. తుమ్మ, పరికి, రేగు, వావిలి అల్లుకుని మనిషెత్తు పెరిగి ఉండేవి. అందులో దళపోళ్ళు ఉంటున్నారేమోనని క్యాంపు జమేదారు నాయినను రెండుసార్లు పిలిపించి అడిగాడు. రెండోసారి పోయొచ్చిన నాడు నాయిన అన్నం ముట్టలేదు.

"నాయినా, గా పొదలు కొట్టిస్తే అయిపాయె. అనుమానం పోతది, పాములూ పోతయి," అన్నాను.

నాయిన అవ్వ దిక్కు చూశాడు. అవ్వంటే నాయిన తల్లి. అమ్మ నా చిన్నతనంలోనే పోవడంతో ఇల్లంతా అవ్వ మాట మీదనే నడిచేది.

"ఉండనియ్యి బిడ్డా," అన్నది అవ్వ.

"ఎందుకుండాలె?"

"ఉన్నయి, ఉండనియ్యి."

"గది జవాబా అవ్వా? పాములకు జాగా, దోమలకు జాగా, నాయినకు జైలు. ఇంక దేనికి పనికొస్తయి గవి?"

అవ్వ ఒకసారి నాయిన దిక్కు చూసి, పైట సదురుకుంది. "అన్నీ మొగోళ్ళ ముంగట చెప్పొస్తదా," అని లోపలికి పోయింది.

వాదంలో ఎదుటి మనిషి లేచిపోతే నేను గెలిచినట్టే లెక్క. ఈ నియమం నేనే పెట్టుకున్నాను, నాకే అనుకూలంగా ఉండేది.

తెల్లారి మల్లయ్యను పిలిపించాను. మా దొడ్డి గోడకు అవతల, పొదల పక్కన ఉండే గుడిసెల్లో ఒకటి అతనిది. గొడ్డలి పనికి ఊర్లో అతని తర్వాతే ఎవరైనా. అట్లాంటివాడు పొదల ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"అమ్మా, జర సోంచాయించుండ్రి."

"ఏం ఆలోచించాలె?"

"మా యాదమ్మకు..." అని ఆగిపోయాడు. యాదమ్మ అతని పెండ్లాం. అప్పుడు ఏడో నెల.

"యాదమ్మకేమైంది?"

"ఏంగాలే. అవ్వనడిగిండ్రా?"

"అడిగిన. అవ్వకాడ జవాబు లేదు."

"అవ్వకాడనే లేకుంటె నాకాడ యాడుంటది," అని గొడ్డలెత్తాడు.

మూడు రోజులు కొట్టాడు. నేను తలకు తువ్వాల చుట్టుకుని, గోడ మీద కూర్చుని, రాజ్యం గెలవబోయే సేనాపతిలా వేలు చూపించాను. మూడో నాటికి ఆ అరెకరం కొత్తగా గుండు చేయించుకున్న నెత్తిలా నున్నగా మెరిసింది. గోడ మీంచి చూస్తే బడి మిద్దె మీది సిపాయి మీసం కూడా కనబడుతోంది. నాకు అతను కనబడితే అతనికి ఇటు దిక్కు ఏమేం కనబడుతుందో, ఆ లెక్క మాత్రం నా కాలేజీ బుర్రకు తట్టలేదు.

జమేదారు స్వయంగా వచ్చి చూసి "శాబాష్ బేటీ" అన్నాడు. ఆ సాయంత్రమే ఊర్లో డప్పు మోగింది. ఇండ్ల వెనక పొదలన్నీ ఎనిమిది రోజుల్లో అందరూ కొట్టెయ్యాలె, ఎట్లా కొట్టాలో తెలియనివాళ్ళు మా దొడ్డి వెనక పోయి చూసుకోవాలె. సర్కారే నన్ను చూసి నేర్చుకోమన్నదని ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

మర్నాడు బాయికాడికి పోతే అందరూ మాటలాపేశారు. ఒకామె బిందె ఎత్తుకుంటూ, "చదువులమ్మొచ్చింది, జరుగుండ్రి. నిలబడి ఉంటె మనల్ని గూడ కొట్టిస్తది," అన్నది. అసూయ అనుకున్నాను. మీరైనా అదే అనుకుంటారు, పందొమ్మిదేండ్లప్పుడు.

డప్పు మోగిన నాలుగో నాడు యాదమ్మ మా వాకిట్లో కండ్లు తిరిగి కూలబడింది. అవ్వ ఉరికి చెంబుతో నీళ్ళందించింది. యాదమ్మ చెంబును చేత్తో పక్కకు జరిపింది.

"తాగు బిడ్డా."

"వద్దవ్వా. తాగితె మల్ల పోవాలె. యాడికి పోను?"

అవ్వ నా దిక్కు తిరిగింది. "ఇనబడ్డదా? దేనికి పనికొస్తయని అడిగితివి గద. గీనికే పనికొచ్చేటియి."

మా దొడ్డికి చుట్టూ గోడ ఉంది, మూలకు తడికె చాటుంది, తడికె వెనక పొడుగాటి గొయ్యి ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను అటే పోయాను. గోడ అవతల గుడిసెల్లో ఉండే ముప్పై నలభై మంది ఆడవాళ్ళు ఎటు పోతారని ఒక్కనాడు అనుకోలేదు. వాళ్ళు పోయేది ఆ పొదల చాటుకే. ఇంకో వాడ పొదలు ఆ వాడవాళ్ళకే చాలవు, ఊరి బయటికి పోదామంటే దాటొద్దని క్యాంపు హుకుం. పొదలు పోయినప్పటి నుంచి వాళ్ళు సగం కడుపుకు తిని, గుక్కెడు తాగి బతుకుతున్నారు. ఏడో నెల మనిషి కూడా.

"మరి నాకెందుకు చెప్పలె అవ్వా?"

"మీ నాయిన ముంగట ఏమని చెప్పాలె? ఎనక చెప్పుదమంటె నువ్వు గోడెక్కి కూసుంటివి. గోడ ఉన్నోళ్ళకు చాటు విలువ తెల్వది బిడ్డా."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా చదువుకు నా మతి ఒక్కటే పోయుంటే ఫికర్ లేకపోయేది. ఊరి ఆడవాళ్ళ చాటు కూడా పోయింది. ఇంకో నాలుగు రోజులైతే డప్పు చెప్పిన గడువు తీరి మిగిలిన పొదలూ పోతాయి.

క్యాంపుకు బయలుదేరాను. అవ్వ పిలవకుండానే నా వెనక వచ్చింది, కొంగు కింద ఏదో పట్టుకుని. జమేదారు బల్ల మీద ఊళ్ళ దారులు గీసిన నక్షా పరుచుకుని కూర్చున్నాడు. నాకు ఉర్దూ బాగా వచ్చు. కాలేజీలో ఉపన్యాసాల పోటీలో కప్పు కొట్టిన నోరు నాది.

"పొదలు కొట్టాలన్న హుకుం వాపసు తీసుకోండి," అన్నాను.

"ఎందుకు?"

కప్పు కొట్టిన నోరు అక్కడ మూతబడింది. ఆ ముక్క ఉర్దూలో ఎట్లా అనాలో తెలుసు. ఒక మొగాయనతో, అదీ మీసమున్న మొగాయనతో, ఏ భాషలో అనాలో తెలియలేదు.

"మేకలకు మేత," అన్నాను.

"మేకలు చెలకల్లో మేస్తాయి కదా."

"మందుచెట్లున్నాయి."

"మొన్న నరికించింది మీరే కదా."

"నీడకు..."

జమేదారు కనుబొమలు దగ్గరికొచ్చాయి. "కొట్టించిందీ మీరే, ఇప్పుడు ఉంచమనేదీ మీరే. నడుమ మిమ్మల్ని ఏ దళం కలిసింది?" అని, జవాబు కోసం ఆగకుండా సిపాయిని పిలిచాడు. "పోయి ఈమె తండ్రిని పట్టుకురా."

నాయినను కాపాడదామని మొదలుపెట్టిన పని నాయిన చేతికి బేడీల దాకా వచ్చింది. సిపాయి తుపాకి భుజానేసుకున్నాడు.

అప్పుడు అవ్వ నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, కొంగు కింద నుంచి ఇత్తడి చెంబు తీసి, నక్షా మీద ఠంగున పెట్టింది. నిండా నీళ్ళున్నాయి. బడి మిద్దె దిక్కు వేలు చూపింది. రెండు చేతులతో కండ్లకు దుర్బిణి పెట్టుకున్నట్టు చేసింది. తర్వాత కొంగు లాగి మొహం కప్పుకుంది.

జమేదారు చెంబును చూశాడు. మిద్దెను చూశాడు. అతని చెవులు పండు మిరపకాయలయ్యాయి.

"అమ్మాజీ," అన్నాడు నక్షాను చూస్తూ, "మీ చెంబు మీరు తీసుకుపోండి." సిపాయిని ఆగమన్నాడు. మర్నాటి నుంచి మిద్దె మీది దుర్బిణి రోడ్డు దిక్కు తిరిగింది. ఇండ్ల వెనక పొదలు ముట్టొద్దని మళ్ళీ డప్పు మోగింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఊర్లో అడిగి తెలుసుకోవాల్సిన మనిషిని నేనొక్కదాన్నే.

కానీ మా అరెకరం గుండు గుండే కదా. అవ్వ దొడ్డి వెనక తలుపు బార్లా తీసింది.

"మిరుగం వానలు పడి పొదలు లేసేదాకా వాడకట్టంత గీడికే."

"అందరు మన దొడ్లకేనా అమ్మా?" అన్నాడు నాయిన.

"నీ బిడ్డ చేసిన పుణ్యం. గోతిల బూడిద గూడ అదే పోస్తది."

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను పడలేదు, రెండు నెలలు పొద్దున్నే బూడిద పోశాను. ఊరి పొయ్యిల బూడిదంతా తట్టలకెత్తి తెచ్చి, మన్ను కలిపి, గొయ్యి నిండితే పక్కన ఇంకోటి తవ్వి. వరుసలో అందరికన్నా ముందు యాదమ్మ, అందరికన్నా వెనక నేను. మా సొంత దొడ్లో.

"చదువులమ్మా, జర మంచిగ చల్లు. మూలకు పడలే," అనేది యాదమ్మ, నడుము మీద చెయ్యి పెట్టుకుని.

వానలు పడ్డాక ఆమెకు ఆడపిల్ల పుట్టింది. అంత బూడిద మోసినందుకు నా పేరు పెడతారేమోనని లోపల ఆశపడ్డాను. అవ్వ పేరు పెట్టారు.

కాబట్టి ఈ గేటు ముందర ఆగిన సమస్త జనులకు, ఇత్తడి చెంబు సాక్షిగా నా ప్రమాణం: ఏ పొదనైనా సరే, అది ఎవరికి చాటో కనుక్కోకుండా నరికించను. అడిగినప్పుడు ఎదుటివాళ్ళు జవాబు చెప్పక లేచిపోతే అసలే నరికించను. మాస్టారూ, మీ గొడ్డలి మీ దగ్గరే ఉంచుకోండి. అవ్వ పోయింది కానీ చెంబు నా దగ్గరే ఉంది. ఇంకోసారి అడిగితే నీళ్ళు నింపి తెచ్చి మీ బల్ల మీద పెడతాను.