నూనెలో మునిగిన ఏనుగు

అమలాపురంలో మా వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్టుమాన్ గత సోమవారం ఉదయం చేతిలో ఒక్క కాగితమైనా లేకుండా మా గుమ్మం ముందు సైకిలు ఆపాడు. "పంతులుగారూ, మన పాత పోస్టుమాస్టరుగారు పొద్దున్నే పోయేరండి" అన్నాడు. పాఠకులు మన్నించాలి. నా నోట వెలువడిన తొలి మాట సంతాపం కాదు. "ఎవరు చెప్పేరు? నువ్వు కళ్లారా చూశావా?" అని అడిగాను. అతడు చిన్నబుచ్చుకోలేదు. "ఆయ్, చూసే వస్తున్నానండి. మీరిలా అడుగుతారని దారిలోనే అనుకున్నాను. ఆయన శిష్యులు కదా మరి" అన్నాడు.

అవును, శిష్యుణ్ణే. బడిలో మూడు దశాబ్దాలు ప్రబంధాలూ వ్యాకరణమూ చెప్పిన నాకు, పాత తపాలా బిళ్ళ వెనుక భాగాన్ని చదవడం నేర్పినవారు ఆయన. ఆయన ఉద్యోగం విరమించి, కాలవగట్టు మీది పెంకుటింట్లో, పోగుచేసిన బిళ్ళలతో కాలం గడుపుతూండగా మా పరిచయం మొదలైంది. ఆదివారం చర్చికి వెళ్లి వచ్చాక మధ్యాహ్నమంతా నాకోసం ఉంచేవారు.

లోకంలో నమ్మదగినదంటూ ఏదీ ఉన్నట్టు ఆయనకు తోచేది కాదు. పాలవాడి ఎదుటనే గోటి మీద చుక్క వేసుకుని, అది నిలుస్తుందో జారుతుందో చూసేవారు. కాఫీపొడిని నీళ్లలో చల్లి చింతగింజల పొడి కోసం వెదికేవారు. తమ సొంత బిళ్ళల పుస్తకంలో ప్రతి బిళ్ళ కిందా పెన్సిలుతో సన్నగా "సందేహం" అని రాసుకునేవారు. పాతికేళ్లు తమ దగ్గరున్న బిళ్ళకైనా మినహాయింపు లేదు. ఒకసారి ఆయన భార్య కాఫీ అందిస్తూ, "పెళ్లినాడు నన్ను కూడా వెలుతురుకెత్తి చూసేరండి మీ మాస్టారు" అన్నారు. ఆయన తల ఎత్తకుండానే, "ఇంకా తేలలేదండి" అన్నారు.

ఆత్రేయపురం నుంచి ఎవరో పూతరేకులు పంపిన రోజున నాకు మొదటి పాఠం చెప్పారు. పంచదార వేయని రేకునొకదాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని, "చూడండి పంతులుగారూ, కుండమీద లాగిన గుడ్డ నేత రేకులో కనపడుతుంది. కాగితమూ అంతేనండి. ఏ జల్లెడ మీద ఆరిందో దాని ఒళ్లే చెప్పేస్తుంది" అన్నారు. జల్లెడ తీగలు బారుగా ఉంటే కాగితంలో గీతలు కనబడతాయి. గుడ్డలా అల్లి ఉంటే కనబడవు. ఇక గుజ్జు తడిగా ఉన్నప్పుడే తీగతో చేసిన బొమ్మను దానిపై నొక్కితే, అక్కడ కాగితం కొంచెం పలచబడుతుంది. అదే నీటిగుర్తు. బిళ్ళను నల్ల గాజుపళ్లెంలో బోర్లించి నాలుగు చుక్కలు బెంజీను వేస్తే, ఆ పలచని చోటు నల్లగా తేలి, బెంజీను ఆరగానే మాయమవుతుంది. "తడిగా ఉన్నప్పుడు పడిన గుర్తు ఎన్నేళ్లయినా పోదండి" అనేవారు. "ముందు వీపు చూడాలండి. మొహానిదేముంది, ఎవరైనా గీసేస్తారు" అనడమూ ఆయనకు అలవాటు.

మా ఇంట ముత్తాతగారి ఉత్తరమొకటి ఉంది. ఆయన కాశీ వెళ్లి తిరిగి రాలేదు. అక్కడినుంచి వచ్చిన ఉత్తరం అదొక్కటే. కవరు మీద విక్టోరియా రాణి అర్ధణా నీలిబిళ్ళ. తపాలా ముద్ర సగం బిళ్ళ మీద, సగం కవరు మీద పడి రాణి ముఖాన్ని నల్లగా కప్పేసింది. మేమిద్దరం దాన్ని నీటితో తడిపి విడదీసి, పళ్లెంలో బోర్లించాం. ఆ కాలపు బిళ్ళలన్నిటికీ ఉండే నీటిగుర్తు, ఏనుగు తల, తేలింది. చెవులు, తొండం స్పష్టంగా చూశాను. నా ముత్తాత నాలుక తడి అంటిన కాగితంలో గజముఖం! ఒళ్లు ఝల్లుమంది. అంచు పళ్లు లెక్కచూసి ఇస్తానని ఆయన దాన్ని వారం రోజులుంచుకుని తిరిగి ఇచ్చారు. నేను ఇంట్లో తాళపత్రాల పెట్టెలో భద్రపరిచాను.

మరుసటి ఏడు నేనే ఒక నల్లపళ్లెం సంపాదించి, ఏకాంతంగా ఆ బిళ్ళను బోర్లించి బెంజీను వేశాను. ఏనుగు రాలేదు. మళ్లీ వేశాను. బిళ్ళంతా ఒకే తీరున మసకగా ఉండిపోయింది. బిళ్ళ ఆయన దగ్గరున్న ఆ వారం రోజులు గుర్తొచ్చాయి. మా అక్కయ్య ఊరుకుంటుందా? "వాళ్ల చేతికి మన ముత్తాతగారి వస్తువు ఎందుకిచ్చేవురా? శాస్త్రాలు చదివేవు గాని లోకం చదవలేదు" అంది. "వాళ్ల" అన్న మాటకు నేను అడ్డుచెప్పలేదు. ఈ పశ్చాత్తాపం నేటికీ తీరలేదు. మసక వెలుతురులో తాడును చూసి పామనుకోవడాన్ని గురించి పిల్లలకు ఎన్నిసార్లు పాఠం చెప్పానో! ఆ మసక వెలుతురు నా మనసులోనిదేనని మాత్రం తోచలేదు. ఆదివారాలు ఆయన ఇంటికి వెళ్లడం మానేశాను.

ఏడాది దాటాక ముక్తేశ్వరం రేవులో, గోదావరి దాటించే పంటు మీద ఎదురుపడ్డారు.

"ఏవండీ పంతులుగారూ, నల్లపూసైపోయేరు?"

"నా బిళ్ళలో ఏనుగు లేదండి" అన్నాను. "మీకిచ్చినప్పుడు ఉంది. మీరిచ్చేక లేదు."

పక్కనున్న కొబ్బరికాయల వ్యాపారి ఉలిక్కిపడ్డాడు. "ఏనుగేంటండి బాబూ! పంటెక్కిందా ఏంటి? మునిగిపోగలం!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. గోదావరి వైపు తిరిగారు.

"మంచి పని చేసేరండి. వస్తువులో తేడా వస్తే, ముందు దగ్గిరున్నవాణ్ణే అనుమానించాలి. నేర్పింది నేనేగా" అన్నారు. "రేపు పట్టుకు రండి. నా చేతికివ్వొద్దు. మీ పట్టుకారుతో మీరే పట్టుకోండి."

మర్నాడు ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను పట్టుకారుతో బిళ్ళను ఎత్తి చూపాను. ఆయన వంగి, చూడలేదు, వాసన చూశారు.

"దీన్ని ఎక్కడ పెట్టేరండి?"

"మా తాళపత్రాల పెట్టెలో."

"ఆ తాటాకులకేం రాస్తారండి?"

"పురుగు పట్టకుండా ఏటా నిమ్మగడ్డి నూనె..." అంటూనే బిళ్ళను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. అదే వాసన. మా వంశంలో తరతరాలుగా వస్తున్న ఆచారం అది. ఆకులు తాగగా మిగిలిన నూనెను బిళ్ళ తాగింది. నూనె తాగిన కాగితంలో పలచన ఏది, మందం ఏది? నా గ్రంథాలను కాపాడిన చేతితోనే నా ఏనుగును నేనే చెరిపాను.

"ఏనుగెక్కడికీ పోలేదండి. నూనెలో మునిగింది" అన్నారు ఆయన.

బిళ్ళను ఆయన ముందు బల్ల మీద పెట్టి తల దించుకున్నాను. ఆయనే అన్నారు: "ఓ మూడ్రోజులు నా దగ్గరుంచుతారా? బెంజీనులో కడిగి చూస్తాను. నమ్మకం లేకపోతే వద్దండి." ఉంచి వచ్చాను. నిజం చెప్పాలి, ఆ మూడు రోజులూ నిద్ర పట్టలేదు. నాలుగో నాడు ఆయనే పళ్లెం సిద్ధం చేసి, బిళ్ళ బోర్లించి, బెంజీను వేశారు. ఏనుగు వచ్చింది. తొండం, చెవులు, అన్నీ. నా కళ్లు చెమర్చాయి. తిప్పి చూడబోతే, "మొహమెందుకండి, వీపు చూసుకున్నారు కదా, చాలు" అని పొట్లం కట్టి చేతిలో పెట్టారు. గురువాక్యమని తలవంచాను. తర్వాత ఎన్నిసార్లు తీసినా దాని వీపే చూసుకున్నాను. ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. అవి మొన్నటిదాకా సాగాయి.

భూస్థాపన అయిన నాలుగో రోజున ఆయన భార్య కబురు పెట్టారు. "ఇవన్నీ కాలేజీకి ఇమ్మన్నారండి. ముందు మీరోసారి చూడండి" అన్నారు. పుటలు తిప్పాను. సందేహం, సందేహం, సందేహం. ఏనుగుతల బిళ్ళల పుటకు వచ్చేసరికి సన్నగా నిమ్మగడ్డి వాసన తగిలింది. చివరి గడిలో నీలి అర్ధణా. రాణి ముఖాన్ని కప్పేసిన అదే నల్లని ముద్ర వంపు. దాని కింద అదే పెన్సిలు, అదే సన్నని అక్షరాలు: "నీటిగుర్తు కనపడదు. అసలుదే."

ఆ పుస్తకమంతటిలో ఆయన అనుమానించని బిళ్ళ అదొక్కటే.

బిళ్ళ మార్చాడని నేను నింద వేసిన మనిషి, ఆ తర్వాతే మార్చారు. కడిగినా నూనె వదలని నా బిళ్ళను తాము ఉంచుకుని, తమ ఏనుగును నాకిచ్చారు. జీవితమంతా నకళ్లను వేటాడిన ఆయన చేసిన మోసం ఇదొక్కటే.

"మీ గుర్తుకి ఒకటి తీసుకోండి పంతులుగారూ" అన్నారు ఆమె.

"నా దగ్గరుందమ్మా" అన్నాను.

ఇంటికి వచ్చి ముత్తాతగారి కవరు తీశాను. బిళ్ళ ఊడిన చోటు చిన్న కిటికీలా వెలిసి ఉంది. ఇన్నేళ్లుగా నేను వీపే చూసుకున్న బిళ్ళను తొలిసారి ముఖం పైకి తిప్పి అక్కడ ఉంచాను. కవరు మీది నల్లని వంపు బిళ్ళ అంచుదాకా వచ్చి ఆగిపోయింది. బిళ్ళ మీది ముద్ర మరో ఊరిది, మరో దిక్కునుంచి వచ్చి ఆగింది. రెండూ కలవలేదు. కొంచెం బంక రాసి, వేలితో అదిమి, దాన్ని అక్కడే అంటించాను. ఇక దాని వీపు ఎవరికీ కనబడదు.