కుళాయి దగ్గర పోయిన పేరు

అలసట అనగానే నాకు ఇప్పటికీ బొగ్గు పొగ వాసనే గుర్తొస్తుంది. డెబ్భైల మొదట్లో మా కాపురం తెనాలిలో, నా బడి ఉద్యోగం రేపల్లెలో. పొద్దున్నే పాసింజరు ఎక్కి వెళ్ళడం, సాయంత్రం మళ్ళీ పాసింజరులో తిరిగి రావడం. మామూలు రోజుల్లో ఆ ప్రయాణం నాకు ఇష్టంగానే ఉండేది. రెండోసారి నెల తప్పాక మాత్రం ఇంజను కూత వినపడితేనే కడుపులో తిప్పేది. వెళ్ళేటప్పుడు పొగ, వచ్చేటప్పుడు అడవులదీవి వైపు నుంచి వచ్చే చేపల బుట్టల వాసన. నిమ్మకాయ ఒకటి గుప్పిట్లో పెట్టుకుని వాసన చూసుకుంటూ, కిటికీ పక్కన కాస్త చోటు దొరికితే చాలు దేవుడా అనుకునేదాన్ని. బళ్ళో రోజంతా నిలబడి పాఠాలు చెప్పడం సరే సరి. కూచుని చెబితే మా పెద్ద పంతులమ్మగారికి కిట్టదు.

రెండోసారి అన్నాను కదా, మొదటిది అంతకు ముందు ఏడాది మూడో నెలలో పోయింది. రైలు కుదుపు అన్నారు, బొప్పాయి తిన్నావేమో అన్నారు, బడి మెట్లు గబగబా ఎక్కి ఉంటావన్నారు. తిననిది తిన్నానేమోనని నాకే అనుమానం పుట్టేదాకా అన్నారు. ఈసారి కూడా అలాగే అయితే మళ్ళీ లేచి తిరిగే ఓపిక నాకుండదని నాకు తెలుసు. ఆ భయం మా ఆయనతో కూడా చెప్పలేదు.

మాకు తెలిసిన డాక్టరమ్మ ఒకావిడ ఉండేవారు. ఆవిడ పెద్దగా మందులేమీ రాయలేదు. ఐరన్ బిళ్ళలు ఇచ్చి, "పొద్దున లేవగానే మంచం మీదే కాసిని మరమరాలో, బిస్కట్టో నమిలి, ఆ తర్వాతే కాళ్ళు కింద పెట్టమ్మా. కడుపు ఖాళీగా ఉంచకు. కొంచెం కొంచెంగా తిను, నీళ్ళు బాగా తాగు. బరువులు మాత్రం ఎత్తొద్దు" అన్నారు. పోయినసారి సంగతి అడిగితే, "అలా కొన్ని పోతాయమ్మా, అందులో ఎవరి తప్పూ ఉండదు" అన్నారు. నిజమే చెప్పారో, నన్ను ఓదార్చడానికే అన్నారో తెలియదు కానీ ఆ మాటను ఇంటిదాకా జాగ్రత్తగా పట్టుకొచ్చాను.

మా ఇంట్లో బరువంటే నీళ్ళే. వీధి కుళాయి నాలుగిళ్ళ అవతల ఉండేది. పొద్దున్నే బిందెలు మోసి, తొట్టి నింపి, ఆ తడి చీర మార్చుకుని నేను రైలుకి పరిగెత్తేదాన్ని. డాక్టరమ్మ మాట చెప్పగానే మా అత్తగారు "సరే, బిందె ముట్టుకోకు" అన్నారు. మూడు నెలలు నిండేదాకా ఈ సంగతి గడప దాటకూడదని కూడా అన్నారు. అలా దాచడం ఎవరింట్లోనైనా ఉన్నదే. చిక్కల్లా ఒకటే. ఉన్నట్టుండి కోడలు బిందె మానేస్తే కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఇట్టే కనిపెట్టేస్తారు. వాళ్ళకి ఈవిడ ఏం చెబుతారో నేను ఆలోచించలేదు. ఆలోచించడానికి కూడా ఓపిక కావాలి.

ఒక ఆదివారం పొద్దున కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉంటే బయట మాటలు వినిపించాయి. ఎదురింటి పిన్నిగారు మా అత్తగారిని ఆపారు.

"ఏంటి అక్కయ్యగారూ, ఈ వయసులో మీరు మోస్తున్నారు? కోడలు ఊళ్ళో లేదా?"

"ఎందుకు లేదమ్మా? మంచం మీదుంది. ఉద్యోగం చేసే రాణిగారు కదా, బిందె పట్టుకుంటే చేతులు కందిపోవూ?"

"మొన్నటిదాకా మోసింది కదండి."

"మొన్నటిదాకా కొత్త. ఇప్పుడు కొమ్ములొచ్చాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి నాలుగూ అడిగేద్దామనుకున్నాను. కానీ లేస్తే వాంతి వచ్చేలా ఉంది. అలాగే పడుకుని, మరమరాలు నములుతూ ఏడ్చాను.

మధ్యాహ్నం ఆవిడ నా ముందు చారన్నం పెట్టినప్పుడు అడిగాను.

"నేను బద్ధకస్తురాలినా అత్తయ్యగారూ?"

"కాదు."

"మరి వీధిలో అలా చెబుతున్నారేంటండి?"

"ఇంకేం చెప్పమంటావ్? నడుం నొప్పంటే కనిపెట్టేస్తారు. జ్వరమంటే చూట్టానికి వస్తారు. బద్ధకమంటే ఎవరూ రారు."

"నన్ను తిట్టుకుంటున్నారు కదండి."

"తిట్టుకోనీ. కుళ్ళుకోకుండా ఉంటే చాలు."

ఆవిడ చారు గిన్నె మీద మూత పెట్టారు. తర్వాత నా వైపు చూడకుండా, "పోయినసారి రెండో నెలలోనే బిందె కుళాయి కింద పెట్టేసి, వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకున్నాను, మా కోడలు నీళ్ళోసుకుందని. నోరు ఆగలేదు. నా నోరే కొట్టింది" అన్నారు.

డాక్టరమ్మ మాట చెప్పాను. ఎవరి తప్పూ ఉండదన్నారండి అన్నాను. "ఆవిడకేం, అలాగే చెబుతుంది" అని కంచంలో మజ్జిగ పోశారు. ఏడాదిపాటు నేను నా కాళ్ళని తిట్టుకుంటుంటే, అదే ఇంట్లో ఆవిడ తన నోటిని తిట్టుకుంటున్నారన్నమాట. ఆవిడ మీద జాలేసింది. ముందే చెప్పనందుకు కోపమూ వచ్చింది. రెండూ నిలవలేదు, నిద్ర ముంచుకొచ్చింది.

ఆ తర్వాత రోజూ అదే వరస. నేను మంచం మీద కూచుని మరమరాలు నమలడం, బయట బిందెల చప్పుడు, నడుం మీద చెయ్యి వేసుకుని ఆవిడ లోపలికి రావడం. స్టేషనుకి వెళుతుంటే ఎదురింటి పిన్నిగారు "అదృష్టమంటే నీదేనమ్మా" అని సాగదీసేవారు. నేను తల వంచుకుని నడిచేదాన్ని. మూడో నెల దాటింది. ఇక చెప్పొచ్చు కదండి అంటే "చూద్దాం" అన్నారు. అయిదో నెలలో చీర కట్టులోనే తెలిసిపోయింది. "అయ్యో, ఇదా సంగతి, పాపం" అని పిన్నిగారు మెత్తబడ్డారు. మా అత్తగారు ఒప్పుకోలేదు. "అయితే మాత్రం? కడుపుతో ఉన్నవాళ్ళందరూ మంచమెక్కి కూచుంటున్నారా?" అన్నారు. ఆ వీధిలో నా పేరు ఇక బాగుపడదని అప్పుడే అర్థమైంది.

పురిటికి బాపట్ల, మా పుట్టింటికి వెళ్ళాను. ఆడపిల్ల పుట్టింది. నేనూ పిల్లా క్షేమం. పురుడు రోజున మా అత్తగారు వచ్చారు. మా అమ్మ పిల్లని తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ చాలాసేపు కళ్ళార్పకుండా చూశారు. పిల్ల తల కింద చెయ్యి పెట్టి కొంగు చాటుకి తీసుకున్నారు. ఇంతలో పక్కింటివాళ్ళు వచ్చి, "మనవరాలు ఎలా ఉందండి?" అని అడిగారు.

"ఏముందమ్మా. ముక్కూ లేదు, మొహమూ లేదు. అంతా తల్లి పోలిక. బద్ధకం కూడా వచ్చే ఉంటుంది."

మా అమ్మ మొహం మాడిపోయింది. నా మంచం దగ్గరికి వచ్చి, "ఇదేం మనిషే? పసిగుడ్డుని పట్టుకుని ఆ మాటలేంటి? నేను అడిగేస్తాను" అంది.

నేను అమ్మ చెయ్యి పట్టుకుని ఆపాను. "అననీ అమ్మా. ఇంకా అననీ" అన్నాను.